కత్తెడితే పాకిపోద్దా? క్యాన్సర్ కణం నడకకీ, జబ్బు పాకడానికీ ఉన్న లెక్క

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నారు. టెక్కలి దగ్గర పల్లెలో ఉండే వాళ్ల పెదనాన్నకు నాలుక కుడి అంచున పుండు లేచింది. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, ఎమ్మారైలో లోతు 8 మిల్లీమీటర్లు, మెడలో గడ్డలేమీ కనపడలేదు. అయినా నాలుకతో పాటు మెడ కూడా తెరవాలంటున్నారు డాక్టర్లు. ఇంట్లో పెద్దలు "కత్తెడితే ఒళ్లంతా పాకిపోద్ది" అని అడ్డుపడుతున్నారు. కణం నిజంగా నడుస్తుందా, ఆ నడకను ఆపే మందు లేదా అన్నది ఒక సందేహం. తన ప్రాజెక్టు స్క్రాచ్ పరీక్షలో (పళ్లెంలో పరుచుకున్న కణాల మధ్య గీత గీసి, ఆ ఖాళీ ఎంత త్వరగా మూసుకుంటుందో చూసేది) వేగంగా కదిలిన కణాలు ఎక్కువ పాకే రకమని రాయవచ్చా అన్నది ఇంకొకటి.

జవాబు:

ముందు మీ పెదనాన్నగారి సంగతి తేల్చుకుందాం. ఆపరేషన్ వద్దనకండి, వాయిదా కూడా వేయకండి. పుండు 8 మిల్లీమీటర్ల లోతుకు దిగిందంటే కణాలు కత్తి రాకముందే, నెలల తరబడి ఆ పని మీదే ఉన్నాయి. కత్తి ఆగితే అవి ఆగవు. 2.5 సెంటీమీటర్లు, 8 మిల్లీమీటర్ల లోతు, మెడ ఖాళీ అంటే ఇప్పటి టీఎన్ఎమ్ లెక్కలో (టీ అంటే గడ్డ, ఎన్ అంటే లింఫ్ గ్రంథులు, ఎమ్ అంటే దూరాన పాకడం) టీ2, ఎన్0, అంటే రెండో దశ. లోతు 10 మిల్లీమీటర్లు దాటితే వెడల్పు పెరగకపోయినా అదే పుండు టీ3 అవుతుంది. మీ చేతిలో ఉన్న తేడా ఆ 2 మిల్లీమీటర్లే.

ఇక కణం నడక. నడుస్తుంది, అనుమానం లేదు. నాలుక పైపొరలో ఉండే మామూలు కణానికి కదలాల్సిన పని లేదు. పక్క కణాలను ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్‌తో పట్టుకుని, కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చటి పొర మీద కూర్చుంటుంది. గాయం అయితే అంచున ఉన్నవి కదిలి ఖాళీ పూడుస్తాయి, అవతలి అంచు కణాలు తగలగానే ఆగిపోతాయి. ఒకదానికొకటి తగిలితే ఆగే ఈ గుణాన్ని మైకేల్ అబర్‌క్రాంబీ 1950లలో కోడిపిల్ల గుండె కణాల మీద చూపించాడు. సార్కోమా (కండ, ఎముక వంటి కణజాలాల క్యాన్సర్) కణాలను ఎదురుపెడితే అవి ఆగలేదు, మామూలు కణాల మధ్యకు చొరబడ్డాయి. క్యాన్సర్ కణం కొత్తగా నేర్చిన విద్య ఏదీ లేదు. గాయం మాన్పడానికీ, గర్భంలో పిండం అవయవాలు రూపుకట్టడానికీ మన ఒంట్లో ఉన్న నడకనే అది వేళకాని వేళ వాడుకుంటోంది.

ఒక కణాన్ని దగ్గరగా చూద్దాం. ముందు అంచున రాక్ (Rac) అనే స్విచ్ పడితే, ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల ముఠా యాక్టిన్ దారాలను కొమ్మలు కొమ్మలుగా అల్లిస్తుంది. ఆ అల్లిక తోస్తే పొర పల్చటి రేకులా ముందుకు చాచుకుంటుంది. ఆ రేకు కింద ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లు బయటి కొల్లాజెన్‌నో ఫైబ్రోనెక్టిన్‌నో పట్టుకుంటాయి. లోపలివైపు టాలిన్, వింకులిన్ ఆ పట్టును యాక్టిన్‌కు ముడేస్తాయి. తర్వాత రో, రాక్ కైనేజ్ (ROCK, పైన చెప్పిన రాక్ వేరు) దారిలో మయోసిన్ బిగుసుకుని ఒంటిని ముందుకు లాగుతుంది. చివరికి వెనక పట్టు వదలాలి. పట్టు మరీ తక్కువైతే కణం జారిపోతుంది, మరీ ఎక్కువైతే వెనకభాగం ఊడిరాక అక్కడే ఇరుక్కుంటుంది. మధ్యస్థంగా పట్టు ఉన్నప్పుడే వేగం ఎక్కువ. అందుకే "ఇంటెగ్రిన్ పెరిగింది కాబట్టి నడక పెరుగుతుంది" అన్న వాక్యం మీ రికార్డులో కనిపిస్తే కొట్టేయండి. ఎంత నుంచి ఎంతకు పెరిగిందో తెలియకుండా దానికి అర్థం లేదు.

అన్నిటికన్నా ఇబ్బంది కేంద్రకంతో. మిగతా ఒళ్లంతా సాగి సందుల్లో దూరుతుంది, కేంద్రకం అంత సులువుగా నలగదు. కొల్లాజెన్ వలలో కన్ను మరీ ఇరుకైతే కణం ముందుకు చేతులు చాచి, కేంద్రకం ఇరుక్కుని నిలబడిపోతుంది. అప్పుడు దానికి రెండు దారులు. మ్యాట్రిక్స్ మెటల్లోప్రొటీనేజ్ అనే ఎంజైములు వదిలి వలను కోసుకోవడం ఒకటి. ఒళ్లు గుండ్రంగా చేసుకుని, పట్టు తగ్గించి, అమీబాలా ఉన్న సందుల్లోంచే నెట్టుకుపోవడం రెండోది. ఒక దారి మూస్తే రెండోదానికి మారగలదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్లీ వస్తుంది.

మూడో పద్ధతి గుంపు నడక. నోటి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కణాలు ఒకదాన్నొకటి వదలకుండా పోగులు పోగులుగా కండలోకి దిగుతాయి. ముందు నడిచేది ఒక్కోసారి క్యాన్సర్ కణం కూడా కాదు, పక్కనుండే ఫైబ్రోబ్లాస్ట్, అంటే కొల్లాజెన్ అల్లే మామూలు కణం. అది కొల్లాజెన్‌ను నెట్టి, కోసి బాట వేస్తుంది, ఆ బాటలో స్క్వామస్ కణాలు వరసగా పోతాయి. పెట్రిడిష్‌లో ఇది 2007లో స్పష్టంగా కనిపించింది. ఫైబ్రోబ్లాస్ట్‌లు లేకపోతే ఆ కణాలు జెల్ పైనే ఉండిపోయాయి. మీ పాఠంలో "ఈఎంటీ" అంటే పైపొర కణం ఈ-క్యాడ్హెరిన్ పోగొట్టుకుని ఒంటరి సంచారి కావడం అని ఉంటుంది. నోటి క్యాన్సర్‌లో జరిగేది ఎక్కువగా సగం మార్పే. పైపొర గుణం పూర్తిగా పోదు, అంచున ఉన్న కణాలకు మాత్రం కదిలే గుణం వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. గాజుపళ్లెంలో ఇలాంటి కణం గంటకు 20 మైక్రాన్లు నడిచిందనుకోండి, అది అసాధారణమేమీ కాదు. రోజుకు దాదాపు అర మిల్లీమీటరు, నెలకు 14 మిల్లీమీటర్లు. నిజంగా అలాగే జరిగితే రెండు మూడు నెలల్లో పుండు నాలుక అవతలి అంచు దాటాలి. దాటదు. కణం తిన్నగా నడవదు, తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది, చస్తుంది. ఏ క్షణాన చూసినా గడ్డలో కదిలేవి కొన్నే. అడుగు వేసే కణం ఆ సమయంలో సాధారణంగా విభజన చెందదు కూడా.

దూరం పాకడానికి కణం పక్క కణజాలంలోకి చొరబడాలి, లింఫ్ నాళంలోకో రక్తనాళంలోకో దూరాలి, ప్రవాహంలో బతకాలి, ఎక్కడో ఆగాలి, బయటికి రావాలి, అక్కడ నిలదొక్కుకుని పెరగాలి. ఇందులో నడక అవసరమయ్యేది మొదటి అడుగుల్లోనూ, బయటికి వచ్చేటప్పుడూ. ఎక్కువ కణాలు ఓడిపోయేది మాత్రం చివరి మెట్టు దగ్గర. ఎలుకల రొమ్ము గడ్డల మీద 1975లో కొలిచినప్పుడు, గ్రాము గడ్డ నుంచి రోజుకు 30 లక్షలకు పైగా కణాలు రక్తంలోకి రాలుతున్నాయని తేలింది. అన్ని రాలినా గడ్డలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఐజయా ఫిడ్లర్ 1970లో రేడియోధార్మిక గుర్తు పెట్టిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల రక్తనాళంలోకి ఎక్కించి చూస్తే, ఒక్క రోజు గడిచేసరికి బతికున్నవి 0.1 శాతం కన్నా తక్కువ. 1998లో ఎలుక కాలేయంలో ఇంకా నిశితంగా చూశారు. అక్కడ కణాల్లో ఎక్కువ భాగం రక్తనాళం దాటి బయటికి సుబ్బరంగానే వచ్చాయి. వచ్చిన తర్వాతే ఆగిపోయాయి. కంటికి కనిపించే గడ్డగా ఎదిగినవి ఎక్కించినవాటిలో 0.02 శాతం, అంటే పది వేలలో రెండు. మూడో వంతుకు పైగా కణాలు చావకుండా, పెరగకుండా ఒంటరిగా ఊరికే ఉండిపోయాయి. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టడం వెనక ఇలాంటి నిద్రాణ కణాల పాత్ర ఉంది.

ఎక్కడ నిలదొక్కుకుంటాయన్నది రక్తం పారే దారి ఒక్కటే తేల్చదు. స్టీఫెన్ పాజెట్ 1889లో 735 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల శవపరీక్షల రికార్డులు చూసి, కాలేయంలో గడ్డలున్నంతగా ప్లీహంలో లేవని గమనించాడు. విత్తనం ఎటు పడినా సరైన నేలలోనే మొలుస్తుందని ఆయన వాదన. 1928లో జేమ్స్ ఈవింగ్ మాత్రం అలా కాదు, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటే అన్నాడు. ఇద్దరిదీ కొంత నిజమే. పేగు క్యాన్సర్ ముందు కాలేయానికి పోవడానికి పేగుల రక్తాన్ని కాలేయానికి మోసే పోర్టల్ సిర పెద్ద కారణం. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎముకల్ని ఎంచుకోవడానికి నేల కారణం.

ఇంకో మెలిక ఉంది. ఈ-క్యాడ్హెరిన్ పోతే నడక పెరుగుతుంది, నిజమే. కానీ రొమ్ము క్యాన్సర్ నమూనాల్లో ఆ ప్రొటీన్ తీసేస్తే చొరబాటు పెరిగి, దూరాన గడ్డలు మాత్రం తగ్గాయి, ఎందుకంటే కణాలు దారిలోనే చచ్చాయి. 2019లో వచ్చిన ఫలితం ఇది. ట్విస్ట్ అనే జన్యువు నడక కోసం వెలగాలి, చేరిన చోట పెరగాలంటే ఆరాలి అని అంతకుముందు 2012లోనే ఎలుకల్లో చూపించారు. రక్తంలో ఒంటరిగా పోయే కణాల కన్నా నాలుగైదు కలిసి పోయే గుత్తులు ఎన్నో రెట్లు ప్రమాదకరం అన్నదీ ఇదే కోవలోది. 2014లో ఎలుకల్లో ఆ తేడా 23 నుంచి 50 రెట్లని వచ్చింది. చురుగ్గా నడిచే కణమే చంపే కణం అన్న సూటి సమీకరణం కుదరదు.

మరి మీ పెదనాన్నగారి మెడ ఎందుకు తెరవాలి? నాలుక సంగతి వేరు కాబట్టి. నాలుకంతా అడ్డదిడ్డంగా అల్లుకున్న కండ. ఆ కండ పోగుల మధ్య కణాలు జారడానికి దారులుంటాయి, దారికి అడ్డంగా గట్టి పొరలేమీ ఉండవు. పైగా మాట్లాడినా మింగినా కదులుతూనే ఉంటుంది. లింఫ్ నాళాలు దట్టంగా ఉంటాయి. తొలి లింఫ్ నాళాల గోడ రక్తనాళం గోడలా బిగుతుగా ఉండదు, గుండీల్లా అక్కడక్కడ మాత్రమే అతుక్కుని ఉంటుంది, కింద పూర్తి బేస్‌మెంట్ మెంబ్రేన్ ఉండదు. ప్రవాహం కూడా మెల్లగా పారుతుంది, కణాన్ని చీల్చేంత ఒరిపిడి ఉండదు. లింఫ్ గ్రంథులు వదిలే సీసీఎల్21 అనే సంకేతం, దాన్ని అందుకునే సీసీఆర్7 గ్రాహకం ఉన్న కణాలను తనవైపు లాగుతుంది. లోతు 4 మిల్లీమీటర్ల దరిదాపులకు వచ్చేసరికే, చేతికి గానీ స్కాన్‌కి గానీ చిక్కని కణాలు మెడలో ఉండే అవకాశం అయిదింట ఒక వంతును దాటుతుంది. మీ దగ్గర 8 ఉంది.

మన తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లకు, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని అందరికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తారు. గట్టి అంగిట్లో పొర ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది, లింఫ్ నాళాలు పల్చగా ఉంటాయి. అందుకే అదే స్క్వామస్ క్యాన్సర్, అదే పొగాకు అయినా మెడకు చేరడం నాలుకతో పోలిస్తే తక్కువ. కాబట్టి "మా పక్కింటి ముసలమ్మకి అంగిట్లో తీశారు, మెడ ముట్టుకోలేదు" అన్న పోలిక ఇక్కడ పనికిరాదు.

ఈ ప్రశ్న మీద ముంబై టాటా మెమోరియల్‌లో పెద్ద పరీక్షే జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. రోగుల్లో ఎక్కువమంది నాలుక క్యాన్సర్‌వాళ్లే. నోటి పుండుతో పాటు మెడ గ్రంథులు కూడా అప్పుడే తీసినవాళ్లలో మూడేళ్లకు బతికున్నవారు 80 శాతం. మెడలో గడ్డ కనపడ్డాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతం. మీ ఇంట్లో పెద్దలకు సైన్సంతా చెప్పనక్కర్లేదు, ఈ రెండు అంకెలు చెప్పండి. మెడ గ్రంథులను పైనుంచి కిందికి లెవెల్స్‌గా విడదీస్తారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు లెవెల్స్ వరకు తీస్తారు, నాలుక కాబట్టి నాలుగో లెవెల్ కూడా తీయొచ్చు. పుండు నడిమధ్యకు దగ్గరైతే రెండువైపులా అడగవచ్చు. ఆపరేషన్ తర్వాత కొందరికి కుడి భుజం ఎత్తడం కష్టమవుతుంది, అక్కడి నరాన్ని కదిలించడం వల్ల. వ్యాయామం మొదటి వారాల్లోనే మొదలుపెట్టించండి.

"కత్తెడితే పాకిపోద్ది" అన్న భయాన్ని కొట్టిపారేయను. దాని వెనక జనం కళ్లారా చూసినవి ఉన్నాయి, కారణమే వేరు. నాలుక అంచున పుండు వస్తే పదునైన పన్ను వల్ల అనుకుని పన్ను అరగదీయించి నెలల తరబడి పూత మందు రాస్తారు. ఆర్నెల్లకు ఆపరేషన్‌కు వస్తారు, మెడలో అప్పటికే ఉంటుంది, మూడు నెలలకు బయటపడుతుంది. నింద కత్తి మీద పడుతుంది. కారణం తీసేశాక రెండు వారాల్లో మానని పుండుకు బయాప్సీ చేయాల్సిందే. రెండోది అరకొర ఆపరేషన్. చుట్టూ కొంత మంచి కండ కూడా కలిపి తీయకుండా పుండు మాత్రం గీకి తీసేస్తే, అంచుల్లో మిగిలిన పోగులు మళ్లీ పెరుగుతాయి. మూడోది మెడ గడ్డను ముందు కోసి తీయడం. నోటి క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు మెడ గడ్డకు సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ చేయాలి. గడ్డను విడిగా కోస్తే పొరల హద్దులు చెదిరిపోయి తర్వాతి ఆపరేషన్ పాడవుతుంది.

కోత వల్ల కణాలు చెదిరే చోట్లు నిజంగా కొన్ని ఉన్నాయి. వృషణం గడ్డను బీజాల సంచి మీదుగా గుచ్చకూడదు, గజ్జల్లోంచి తీయాలి. కాలేయ క్యాన్సర్‌లో సూది బాట వెంట గడ్డ మొలవడం నూటికి రెండు మూడు కేసుల్లో చూశారు. సార్కోమాలో బయాప్సీ బాటను తర్వాత ఆపరేషన్‌లో కలిపి తీసేలా ముందే గీసుకుంటారు. అండాశయపు తిత్తి పగలకూడదు. నాలుక బయాప్సీ ఆ కోవలోది కాదు. అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు, ఆ చోటు ఎలాగూ తర్వాత తీసేసే భాగంలోనే ఉంటుంది. ఆపరేషన్ సమయంలో రక్తంలోకి కొన్ని కణాలు వదులవుతాయన్నదీ నిజమే. పైన చెప్పిన లెక్క ప్రకారం వాటిలో దాదాపు ఏవీ గడ్డగా ఎదగవు, కణాలు వదిలే పని గడ్డ ఒంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ చేస్తూనే ఉంది. చుట్ట, ఖైనీ మాత్రం ఈరోజే మాన్పించండి. పసరు కట్టడం, వాత పెట్టడం వద్దు.

ఆపరేషన్ తర్వాత వచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టు (తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి రాసేది) కణాల నడకను నేరుగా చూపించే కాగితం. అందులో వెతకాల్సినవి చెప్తాను. లోతు మిల్లీమీటర్లలో ఉండాలి. ఇది పక్కనున్న ఆరోగ్యమైన పొర మట్టం నుంచి కిందికి కొలిచింది, పుండు మందం కాదు. ఉబ్బిన పుండులో మందం ఎక్కువ, లోతు తక్కువ ఉంటుంది, గుంటపడ్డ పుండులో తిరగబడుతుంది. ఎమ్మారై లోతుకూ దీనికీ ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే కంగారు పడకండి. మార్జిన్, అంటే గడ్డకూ కోత అంచుకూ మధ్య ఉన్న మంచి కండ, అన్నివైపులా, ముఖ్యంగా అడుగున, అంకెలో రాయాలి. సర్జన్ గడ్డ చుట్టూ దాదాపు సెంటీమీటరు మంచి కండ కలిపి కోస్తాడు, ఫార్మలిన్‌లో కండ కుంచించుకుంటుంది, స్లైడు మీద 5 మిల్లీమీటర్లు ఉంటే నిమ్మళం. నరం చుట్టూ పాకిందా, లింఫ్ లేదా రక్తనాళంలో కణాలున్నాయా, చొరబాటు తీరు ఏమిటి అనేవి కూడా ఉండాలి. ప్రధాన గడ్డకు మిల్లీమీటరు అవతల విడిగా గుంపులు కనిపిస్తే అది చెడ్డ తీరు. నాలుకలో సర్జన్ వేలికి చిక్కని పాకుడు ఇలాగే దాక్కుంటుంది. మెడ గ్రంథులు ఎన్ని తీశారు, ఎన్నింట్లో జబ్బుంది, గ్రంథి గోడ దాటిందా అన్నది రాసి ఉండాలి. తీసినవి 18 కన్నా తక్కువైతే సర్జన్‌ను అడగండి. గోడ దాటిన సంగతి రిపోర్టులో అసలు లేకపోతే "లేదు" అనుకోవద్దు, పాథాలజిస్టును రాయమనండి.

మార్జిన్‌లో కణాలున్నా, గ్రంథి గోడ దాటినా రేడియేషన్‌తో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలుపుతారు. నరం చుట్టూ పాకడం, దగ్గర మార్జిన్, గ్రంథుల్లో జబ్బు ఉంటే రేడియేషన్ ఆలోచిస్తారు. అవసరమైతే అది ఆపరేషన్ రోజు నుంచి ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. ఇక్కడే మనవాళ్లు తప్పుతారు. గాయం మానింది, పండగ అయ్యాక వెళ్దాం అంటారు. రేడియేషన్ వారానికి అయిదు రోజులు, ఆరు వారాలకు పైన పడుతుంది, టెక్కలి నుంచి విశాఖకు రోజూ తిరగడం జరిగే పని కాదు. బస ముందే చూసుకోండి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించేట్టయితే బయాప్సీ పారాఫిన్ బ్లాకులు, స్లైడ్లు వెంట తీసుకెళ్లండి, కాగితాలు ఒక్కటే సరిపోవు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఆపరేషన్‌కీ రేడియేషన్‌కీ అనుమతులు ఎలా వస్తాయో ఆరోగ్యమిత్రను మొదటిరోజే అడగండి. పాడైన పళ్లు ఉంటే ఆపరేషన్‌లోనే తీయించేయండి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది.

నడకను ఆపే మందు సంగతి. ఆలోచన పాతదే, అనుభవం చేదుది. 1990లలో మారిమస్టాట్ వంటి మందులతో ఆ వల కోసే ఎంజైములను ఆపి చూశారు. కీళ్లు, కండరాల నొప్పులు వచ్చాయి, బతుకు పెరగలేదు. కారణాలు చాలా ఉన్నాయి. జబ్బు అప్పటికే పాకిపోయిన రోగులకు ఇచ్చారు, పాకాక పాకడాన్ని ఆపితే ఏం లాభం? కోసే దారి మూస్తే అమీబా దారి ఉండనే ఉంది. ఇంటెగ్రిన్‌ను ఆపే సిలెంజిటైడ్ మెదడు గడ్డల్లో 2014లో వచ్చిన చివరిదశ పరీక్షలో ఓడింది. ఇంకో చిక్కు పరీక్ష పద్ధతిలో ఉంది. కొత్త మందు పనిచేసిందనడానికి గడ్డ తగ్గిందా అని చూస్తారు. నడకను మాత్రమే ఆపే మందు ఉన్న గడ్డను తగ్గించదు. కాబట్టి ఇప్పుడు మీ పెదనాన్నగారికి ఇవ్వదగ్గ అలాంటి మందు లేదు. ఇంటర్నెట్‌లో చూసి పసుపు క్యాప్సూళ్లు తెప్పించకండి. రక్తంలో క్యాన్సర్ కణాలు లెక్కపెట్టే పరీక్ష కూడా వద్దు. 7.5 మిల్లీలీటర్లలో అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే చెడ్డ సూచన అన్న లెక్క పాకిన రొమ్ము క్యాన్సర్‌ది. రెండో దశ నాలుక క్యాన్సర్‌లో ఆ అంకెతో చికిత్స మారదు.

చివరగా మీ ప్రాజెక్టు. రాయకండి. స్క్రాచ్ పరీక్ష కొలిచేది ఒక గట్టి చదునైన తలం మీద, పొడవు వెడల్పుల్లో మాత్రమే (2డి), ఒక కణాల షీట్ ఖాళీని ఎంత త్వరగా మూసిందన్నది. అది గాయం మానే నడక. "ఈ పరిస్థితుల్లో షీట్ నడక వేగం పెరిగింది" అని రాయండి, అంతవరకే.

అదైనా సరిగ్గా రావాలంటే చేయాల్సినవి ఇవీ. ఆరు బావుల పళ్లెంలో బావికి సుమారు 5 లక్షల కణాలు వేసి, షీట్ పూర్తిగా నిండాక గీయండి. పళ్లెం అడుగున మార్కర్‌తో అడ్డగీత ముందే పెట్టుకోండి, లేకపోతే ఆరు గంటల తర్వాత అదే చోటు దొరకదు. 200 మైక్రోలీటర్ల టిప్‌తో స్కేలు ఆనించి ఒకే ఒత్తిడితో, ఒకే దెబ్బలో గీయాలి. రెండుసార్లు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగి, సీరం 1 శాతం లేదా అసలు లేని మీడియం వేయండి. కడగకపోతే ఊడిన కణాలు ఖాళీలో అతుక్కుని "మూసుకుంది" అనిపిస్తాయి. పెద్ద తప్పు వచ్చేది విభజన దగ్గర. మీ మందు కణాల పెరుగుదలను తగ్గిస్తే ఖాళీ నెమ్మదిగా మూస్తుంది, మీరు "నడక తగ్గింది" అనుకుంటారు. గీయబోయే ముందు, విభజనను ఆపే మైటోమైసిన్-సి మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు రెండు గంటలు పెట్టి కడిగేయండి, లేదా 12 గంటల్లోపు ఫొటోలతోనే ముగించండి. అవే కణాలకు ఎంటీటీ (బతికున్న కణాలెన్నో చూపే రంగు పరీక్ష) పక్కనే చేయండి. ఫలితం గీత వెడల్పులో కాదు, ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ విస్తీర్ణంగా కొలవండి. వెడల్పు ఎక్కడ కొలుస్తామన్నది మన చేతిలో ఉంటుంది, మనకు నచ్చిన చోటే కొలుస్తాం.

చొరబాటు గురించి మాట్లాడాలంటే బాయిడెన్ గది పద్ధతి (రంధ్రాలున్న పొరలోంచి కణాలు కిందికి దిగుతాయా అని చూసేది) కావాలి, ఇప్పుడు ట్రాన్స్‌వెల్ అంటున్నాం. 8 మైక్రాన్ల రంధ్రాల ఇన్సర్ట్‌లో పైన సీరం లేని 200 మైక్రోలీటర్లలో 50 వేల నుంచి లక్ష కణాలు, కింద 10 శాతం సీరంతో 600 మైక్రోలీటర్లు, 24 గంటలు. పై కణాలను దూది పుల్లతో తుడిచి, కిందివాటిని క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేసి కనీసం అయిదు చోట్ల లెక్కపెట్టండి. పొర మీద పోసే మ్యాట్రిజెల్‌ను (బేస్‌మెంట్ మెంబ్రేన్‌ను పోలిన జెల్) ముందురోజు రాత్రి 4 డిగ్రీల్లో ఐసు మీద కరిగించి, చల్లబరిచిన టిప్స్‌తోనే పోయాలి. గది వేడిమికి అరనిమిషం నిర్లక్ష్యం చేస్తే గడ్డకట్టి ఒక బావిలో మందంగా, ఇంకో బావిలో పల్చగా పడుతుంది. అక్కడే ఫలితం పాడవుతుంది, కారణం చివరిదాకా తెలియదు. మ్యాట్రిజెల్ లేని బావులు తప్పక పెట్టండి, ఉన్నదాన్ని లేనిదానితో భాగిస్తేనే చొరబాటు సంఖ్య. సీరం రెండువైపులా సమానంగా ఉన్న బావి కూడా ఒకటి పెట్టండి. అక్కడా అన్నే దిగితే కణాలు సీరం వైపు నడవలేదు, ఊరికే చురుగ్గా తిరిగాయంతే. కణాలను పళ్లెం నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌లో ఎక్కువసేపు ఉంచితే పైనున్న గ్రాహకాలు తెగిపోతాయి, నడక అబద్ధంగా తగ్గుతుంది.

నాలుక కణాలే కావాలంటే హెచ్ఎస్‌సీ-3, క్యాల్-27 అనే రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూడండి, పుణె ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) కణాల రిపాజిటరీలో ఏవి దొరుకుతాయో మీ గైడ్ చేత అడిగించండి. హెచ్ఎస్‌సీ-3 మెడ గ్రంథికి పాకిన నాలుక క్యాన్సర్ నుంచి వచ్చింది. ఒక్క రకంతో చేసి "నోటి క్యాన్సర్‌లో" అని శీర్షిక పెడితే వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. వీలైతే ఒక బావిలో ఫైబ్రోబ్లాస్ట్‌లు కలిపి చూడండి. గుంపు నడకలో బాట ఎవరు వేస్తున్నారో మీ పళ్లెంలోనే కనపడుతుంది.